కొత్త షూస్‌లో లోపం బయటపడితే ఏం చేయాలి? చెన్నైలోని తెలుగువారికి తరచుగా అడిగే ప్రశ్నలు

టి.నగర్‌లోనో, పురశైవాక్కంలోనో, ఏదో ఒక మాల్‌లోనో ముచ్చటపడి కొన్న కొత్త జత పట్టుమని పది రోజులు కూడా నిలవకుండా సోల్ ఊడిపోయినప్పుడు, షాపువారు మార్చేది లేదని భీష్మించుకున్నప్పుడు మనవాళ్ళు పదే పదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాము. రంగు నచ్చలేదనో, సైజు కుదరలేదనో మార్చుకోవడం వేరే సంగతి. లోపంతో వచ్చిన సరుకును మార్పించుకోవడం గురించే ఈ పేజీ. చట్టం అని రాసిన ప్రతిచోటా 2020 జూలైలో అమల్లోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అని అర్థం చేసుకోవాలి.

కొత్త షూస్ వారంలోపే పాడయ్యాయి. షాపుకు వెళ్ళేముందు ఏమేం చేయాలి?

మొట్టమొదట వాటిని తొడుక్కోవడం ఆపేయాలి. లోపం కనబడిన తర్వాత కూడా వేసుకుని తిరిగితే చిన్న చీలిక పెద్దదవుతుంది, “మీరు వాడి వాడి పాడు చేశారు” అనే మాటకు మనమే ఆధారం చూపించినట్లవుతుంది. వీధి చివర చెప్పులు కుట్టేవారి దగ్గర అతికించుకోవడం గాని, ఇంట్లో ఉన్న ఫెవిక్విక్ పూయడం గాని అసలే చేయవద్దు. చిన్న పనే కదా అని అతికించుకున్న జతను ఆ తర్వాత ఏ కంపెనీ ముట్టుకోదు. పైగా అసలు జిగురు ఎందుకు వదిలిందో తేల్చగల ఆనవాలు దానితోనే చెరిగిపోతుంది.

ఆ తర్వాత పగటి వెలుతురులో ఫొటోలు తీసి పెట్టుకోవాలి. జత మొత్తం, లోపమున్న చోటు దగ్గరగా, నాలుక లోపలివైపు ఉన్న లేబుల్, సోల్ అడుగుభాగం కనబడాలి. సోల్ అడుగును చాలామంది ఫొటో తీయరు గాని, అన్నిటికంటే ఎక్కువగా అక్కరకు వచ్చేది అదే. అడుగున ఉన్న గాడులు అరగకుండా ఉంటే ఆ షూస్ ఎంత తక్కువ నడిచాయో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు. పెట్టెను కూడా పాత పేపర్లవాడికి వేయవద్దు. తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరం, ఎమ్మార్పీ, ఫిర్యాదు కోసం సంప్రదించవలసిన వివరాలు ప్యాకెట్ మీద ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల ప్యాకేజీ నిబంధనలు చెబుతున్నాయి. షాపు మొండికేసినప్పుడు నేరుగా కంపెనీకి రాయడానికి దారి ఆ కాగితం మీదే ఉంటుంది.

“సైజు అయితే మారుస్తాం సార్, వాడినవి మార్చం” అని షాపువారు అంటున్నారు. వారి నియమం అదేనట. మనం చేయగలిగిందేమైనా ఉందా?

ఉంది, ఈ వ్యవహారంలో చాలామంది చేజార్చుకునే కీలకం కూడా ఇక్కడే ఉంది. ఏడు రోజుల్లో, పదిహేను రోజుల్లో, తొడగని స్థితిలో, ట్యాగు తీయకుండా తెస్తే మారుస్తామని గోడ మీద రాసి ఉండేది షాపువారు తమంతట తాముగా ఇచ్చే సౌకర్యం. దాని షరతులు వారి ఇష్టం, అలాంటి సౌకర్యం అసలు ఇవ్వకపోయినా వారిని తప్పుపట్టలేము. కానీ లోపమున్న సరుకును వెనక్కి తీసుకోవడం సౌకర్యం కాదు, అది చట్టం వారి మీద పెట్టిన బాధ్యత. తొడుక్కుని నడిస్తేనే బయటపడే లోపానికి “తొడగకుండా తేవాలి” అన్న షరతు పెట్టడంలో అర్థమే లేదు.

అందువల్ల కౌంటరు దగ్గర “ఎక్స్ఛేంజ్ కావాలి” అని అడగవద్దు. అలా అడగగానే వారు తమ ఎక్స్ఛేంజ్ నియమాల బోర్డు చూపిస్తారు, మాట ఆ బోర్డు చుట్టూనే తిరుగుతుంది. “ఇందులో తయారీ లోపం ఉంది, మార్చి ఇవ్వండి, లేదా డబ్బు వాపసు ఇవ్వండి” అని మొదటి వాక్యంలోనే స్పష్టంగా చెప్పండి. “మాత్త ముడియాదు సార్” (మార్చడం కుదరదు) అని జవాబు వచ్చినా కోపగించుకోకుండా, ఆ మాటనే కాగితం మీద రాసి ముద్ర వేసి ఇమ్మని అడగండి. నోటితో నిస్సంకోచంగా కాదన్న మేనేజర్లలో చాలామంది రాతపూర్వకంగా కాదనడానికి జంకుతారు. పై అధికారికి ఫోను వెళ్ళేది సాధారణంగా ఆ సమయంలోనే.

బిల్లు అడుగున “అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు” అని అచ్చు వేసి ఉంది. నేను దానికి ఒప్పుకున్నట్లే కదా?

కాదు. లోపమున్న సరుకును వెనక్కి తీసుకుని డబ్బు వాపసు ఇవ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి అని చట్టంలోని సెక్షన్ 2(47) చెబుతోంది. బిల్లులో ఏదైనా గడువు ఇచ్చి ఉంటే ఆ గడువులోపు, గడువేమీ రాయకపోతే 30 రోజులలోపు ఆ పని చేయాలి. అడుగున అచ్చు వేసుకున్న ఒక్క వాక్యం ఈ బాధ్యతను కొట్టివేయలేదు. అయితే ఆ 30 రోజుల లెక్కను మనమూ గుర్తుంచుకోవాలి. ఊరికి వెళ్ళివచ్చాక చూద్దాం, పండుగ అయ్యాక చూద్దాం అని వాయిదా వేయకుండా, లోపం కనబడిన రోజునే ఒక ఈమెయిలో వాట్సాప్ సందేశమో పంపి తేదీ నమోదయ్యేలా చూసుకోవాలి.

ఏది తయారీ లోపం, ఏది వాడకంలో వచ్చే అరుగుదల? షాపువారు అంతా అరుగుదలే అంటున్నారు.

వాదన అంతా చివరికి చేరేది ఈ ప్రశ్న దగ్గరికే కాబట్టి దీనిని కాస్త వివరంగా చూడాలి.

మనం కొనే షూస్‌లో ఎక్కువ భాగం పైభాగాన్ని, సోల్‌ను జిగురుతో అతికించి తయారు చేసినవే. అతికించేముందు తోలు అంచును గరుకుగా గీకాలి, అవసరమైన చోట ప్రైమర్ పూయాలి, జిగురు పూసి ఆరనివ్వాలి, వేడి చూపించి జిగురును మేల్కొలిపి, ఆ తర్వాత యంత్రంలో గట్టిగా అదమాలి. ఈ మెట్లలో ఏ ఒక్కదానిలో తొందరపడినా జత చూడటానికి నిగనిగలాడుతూనే ఉంటుంది గాని, పది రోజుల నడకకు ముందువైపు నోరు తెరుస్తుంది. తెరుచుకున్న చోట రెండు అంచులనూ నెమ్మదిగా విడదీసి లోపలికి చూడండి. జిగురు పొర ఒకవైపు నుంచి శుభ్రంగా, నున్నగా ఊడి వచ్చి, తోలు మీద గీకిన గుర్తే లేకపోతే అతుకు సరిగా పట్టనే లేదని అర్థం. అలాకాక జిగురుతోపాటు తోలు పీచు కూడా చిరిగి వచ్చి ఉంటే అతుకు గట్టిదేనని, బయటి నుంచి ఏదో పెద్ద బలం పడిందని కంపెనీవారు వాదించే అవకాశం ఉంది.

సోల్ ఊడటం ఒక రకమైతే, సోల్ పొడి పొడిగా రాలిపోవడం మరో రకం. పాలీయురెథేన్‌తో, అంటే వాడుకలో పీయూ అనే పదార్థంతో పోత పోసిన సోల్స్‌లో కొన్ని గాలిలోని తేమను పీల్చుకుని, కొన్నేళ్ళకు లోపలి నిర్మాణం తెగిపోయి, వేలితో నొక్కితే పెచ్చులుగా రాలుతాయి. వాడకుండా పెట్టెలో ఉంచినవాటికి కూడా ఇది తప్పదు. సముద్రపు గాలి, ఏడాది పొడవునా ఉక్కపోత ఉన్న చెన్నైలో గోదాములో ఏళ్ళ తరబడి మగ్గిన సరుకు కొత్త ధరకు మన చేతికి వస్తే జరిగేది ఇదే. పెట్టె మీద తయారైన నెల చూడమని పైన చెప్పింది ఇందుకే. మూడు నాలుగేళ్ళ కిందటి తేదీ కనబడితే దానిని తప్పనిసరిగా ఫొటో తీయండి. మీరు కొన్న తేదీకీ ఆ తేదీకీ మధ్య ఉన్న దూరమే మీ తరఫున మాట్లాడుతుంది.

ఇవి కాక కుట్టు వరుస తప్పడం, లేసు రంధ్రాల రింగు ఊడిరావడం, జతలో రెండూ ఒకే సైజు కాకపోవడం, లోపల మేకు మొనో గట్టి ముద్దో గుచ్చుకోవడం, మొదటి రోజే మేజోళ్ళకు రంగు అంటడం వంటివన్నీ తయారీ లోపాల కిందికే వస్తాయి. మడమ ఒకవైపు అరగడం, తోలు మడతపడే చోట ముడతలు రావడం, కొన్ని నెలల తర్వాత లోపలి అట్ట నలగడం అరుగుదల. వీటిని లోపంగా చూపించి వాదిస్తే న్యాయమైన ఫిర్యాదులు చేసేవారికి కూడా షాపుల్లో విలువ తగ్గుతుంది.

“వానలో నడిచారు, అందుకే ఊడింది” అంటున్నారు. దీనికి ఏమని జవాబు చెప్పాలి?

చెన్నైలో ఇది అన్ని షాపుల్లోనూ సిద్ధంగా ఉండే జవాబు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో అయితే దానిని ఖండించడం కొంత కష్టమే. ఒంగోలు నుంచి వచ్చి గిండీలో ఉద్యోగంలో చేరిన ఒక కుర్రవాడికి ఇదే జవాబు ఎదురైనప్పుడు నేను పక్కనే ఉన్నాను. నల్లటి ఫార్మల్ షూస్, ఎడమకాలి బొటనవేలి దగ్గర నోరు తెరిచాయి. మేనేజరు షూ చేతిలోకి కూడా తీసుకోకుండానే “తడిసింది సార్” అన్నాడు. “మార్చి నెలలో చెన్నైలో వాన ఎక్కడిదన్నా?” అని ఆ కుర్రవాడు అడిగాడు. కౌంటరులో ఇద్దరు నవ్వారు గాని మేనేజరు చలించలేదు. “బాత్రూంలో తడిసుంటుంది” అని కారణం మార్చాడు.

అప్పుడు చేయవలసిన పని గొంతు పెంచడం కాదు. షూను వెలుతురులోకి తెచ్చి మూడు చోట్లు చూపించాలి. తడిసి ఆరిన తోలు మీద తెల్లటి ఉప్పు చార గాని నీటి మరక గాని ఉంటుంది, అది లేదని చూపించాలి. లోపలి అట్ట ఉబ్బలేదని, అంచులు లేవలేదని చూపించాలి. ఊడిన చోట జిగురు పొర ఎలా ఉందో చూపించాలి. ఆ కుర్రవాడి షూలో జిగురు లేత పసుపు రంగు పట్టీలా సోల్‌కే అంటుకుని, గోరు ఆనిస్తే జారేంత నున్నగా ఉంది. పైభాగం తోలు అంచు మీద గీకిన జాడే లేదు. రెండో షూలో అదే చోట బొటనవేలితో నొక్కితే అక్కడా సన్నని సందు కనిపించింది. రెండు కాళ్ళకూ ఒకే చోట వచ్చిందంటే అది తడి పని కాదు, అతుకు పని. ఆ మాట విన్న తర్వాతే మేనేజరు జతను తనిఖీకి పంపడానికి ఒప్పుకున్నాడు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఆఫీసుకు వేసుకుని వెళ్ళే షూస్ ఒక్క వానకు తడిస్తేనే సోల్ ఊడిపోవాలా? “నీటిలో వాడరాదు” అని పెట్టె మీదో బిల్లు మీదో ముందే చెప్పకుండా అమ్మిన వస్తువు మామూలు వానను తట్టుకోలేకపోతే, దానిని కూడా లోపమనే నేను వాదిస్తాను.

కంపెనీకి పంపి తనిఖీ చేయిస్తామంటున్నారు. జతను వారికి అప్పగించవచ్చా?

అప్పగించవచ్చు గాని, రసీదు లేకుండా అప్పగించకూడదు. ఆ జత ఒక్కటే మీ ముఖ్యమైన సాక్ష్యం, అది చేయి దాటిన తర్వాత ఏ స్థితిలో ఇచ్చారో నిరూపించడం కష్టం. రసీదులో తేదీ, మోడల్, సైజు, బిల్లు నంబరు, మీరు చెప్పిన లోపం, ఎప్పటిలోగా జవాబు ఇస్తారన్నది రాయించుకుని సంతకం, ముద్ర వేయించుకోవాలి. షాపువారి దగ్గర అచ్చు ఫారం లేకపోతే బిల్లు జిరాక్స్ వెనకనే రాయించుకోండి. కౌంటరు మీద పెట్టిన స్థితిలో ఫొటో తీసుకుంటే ఇంకా మంచిది.

తనిఖీ చేసేది అమ్మినవారి మనిషే కాబట్టి “వినియోగదారు నిర్లక్ష్యం వల్ల” అని ఒక్క వాక్యంలో తిరస్కారం రావడం మామూలే. పైన చెప్పిన కుర్రవాడికీ అదే వచ్చింది. అలాంటప్పుడు ఎవరు చూశారు, ఏ పరీక్ష చేశారు, ఏ ఆధారంతో ఆ నిర్ణయానికి వచ్చారు అని లిఖితపూర్వకంగా అడగాలి. అతను అవే ప్రశ్నలను తన ఫొటోలతో జతచేసి, షాపును వదిలేసి పెట్టె మీదున్న కంపెనీ చిరునామాకు రాశాడు. అక్కడి నుంచి తనిఖీ నివేదిక రాలేదు గాని కొత్త జత ఇవ్వమని షాపుకు ఆదేశం వచ్చింది.

డబ్బు ఇవ్వం, క్రెడిట్ నోటు ఇస్తాం అంటున్నారు. తీసుకోవాలా?

క్రెడిట్ నోటు అంటే ఆ మొత్తానికి వారి దగ్గరే మరో సరుకు కొనుక్కోవడానికి ఇచ్చే చీటీ. అదే షాపులో మీకు కావలసినది ఉంటే తీసుకోవచ్చు. ఇష్టం లేకపోతే తీసుకోనక్కరలేదు, చట్టం మాట్లాడేది సొమ్ము వాపసు గురించి. తీసుకునేటట్లయితే గడువు తేదీ ఎంతో, తగ్గింపు ధరల సరుకు మీద చెల్లుతుందో లేదో, చెన్నైలోని మిగతా శాఖల్లో పనికివస్తుందో లేదో అడిగి మరీ తీసుకోండి.

జీఎస్టీ వెనక్కి రాదు కాబట్టి ఆ మేరకు తగ్గించి ఇస్తామని కొందరు అంటారు. ఇది ఒప్పుకోదగిన మాట కాదు. సరుకు వాపసు వచ్చినప్పుడు పన్ను క్రెడిట్ నోటు జారీ చేసి, ఆ మేరకు తమ పన్ను లెక్కను సరిచేసుకునే వెసులుబాటు వ్యాపారికి జీఎస్టీ చట్టంలోనే ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి జత 2,500 రూపాయల వరకు ఉన్న పాదరక్షల మీద పన్ను 5 శాతం, అంతకుమించితే 18 శాతం. ఖరీదైన జత విషయంలో ఆ కోత చిన్నదేమీ కాదు. మీరు చెల్లించిన మొత్తం ఎంతో అంతా అడగండి.

ఆడి తగ్గింపులో సగం ధరకు కొన్నాను. దానికి కూడా ఈ హక్కు వర్తిస్తుందా?

వర్తిస్తుంది. తమిళుల ఆడి మాసంలో టి.నగర్ అంతా తగ్గింపు బోర్డులతో నిండిపోతుంది. ధర తగ్గించారంటే నాణ్యత తగ్గించారని అర్థం కాదు. ఫలానా లోపం ఉంది కాబట్టి ఇంతకు ఇస్తున్నామని ముందే చెప్పి, బిల్లు మీద ఆ సంగతి రాసి అమ్మితే మాత్రం ఆ ఒక్క లోపం గురించి తర్వాత ఫిర్యాదు నిలవదు.

బిల్లు పోయింది.

యూపీఐలో గాని కార్డుతో గాని చెల్లించి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంటులో తేదీ, మొత్తం ఉంటాయి. పెద్ద షాపులు చాలావరకు మీ ఫోను నంబరు మీద బిల్లును దాచి ఉంచుతాయి కాబట్టి నకలు అడగండి. అసలు బిల్లే ఇవ్వకపోయి ఉంటే, బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి అని గట్టిగా చెప్పవచ్చు.

ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. రిటర్న్ గడువు ముగిసిందని యాప్‌లో మీట కూడా కనబడటం లేదు.

మీట మాయమైనంత మాత్రాన హక్కు మాయం కాదు. లోపమున్న సరుకును, ప్రకటించిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోవడానికి, సొమ్ము వాపసు ఇవ్వడానికి అమ్మకందారు నిరాకరించరాదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. ప్రతి సంస్థా ఒక ఫిర్యాదుల అధికారిని నియమించి, ఆ వివరాలు వేదిక మీద కనబడేలా ఉంచాలి. ఆ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్లు తెలిపి, నెలలోపు పరిష్కరించాలి. చాట్‌లో మాట్లాడే యంత్రంతో గంటలకొద్దీ కుస్తీ పట్టేకంటే నేరుగా ఆ అధికారికి ఈమెయిల్ పంపడం మేలు. ఇకమీదట పార్సెల్ విప్పేటప్పుడు చిరునామా చీటీ కనబడేలా వీడియో తీయడం అలవాటు చేసుకోండి, ముఖ్యంగా ఒక జతకు బదులు మరొకటి వచ్చే సందర్భాల్లో అది పనికివస్తుంది.

షాపుకు, కంపెనీకి ఉత్తరం ఎలా రాయాలి?

కోపం, వ్యంగ్యం, “మిమ్మల్ని వదిలిపెట్టను” వంటి మాటలు లేకుండా చిన్నదిగా రాయాలి. ఇంగ్లీషులోనో తమిళంలోనో ఈ తాత్పర్యం ఉంటే చాలు:

“ఫలానా తేదీన మీ ఫలానా శాఖలో, ఫలానా నంబరు బిల్లు మీద, ఇంత మొత్తానికి ఈ జత కొన్నాను. మామూలుగా ఆఫీసుకు వేసుకుని వెళుతుండగా ఫలానా తేదీన ఎడమ షూ సోల్ ముందుభాగం విడిపోయింది. అదే రోజు మీ శాఖకు తెలియజేశాను, మార్చడానికి నిరాకరించారు. ఇది తయారీ లోపం. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లోగా లోపం లేని అదే రకం జత ఇవ్వండి, లేదా చెల్లించిన మొత్తం వాపసు ఇవ్వండి. లేనిపక్షంలో వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను. బిల్లు నకలు, ఫొటోలు జతచేశాను.”

దీనిని ఈమెయిల్‌లో పంపి, అదే ప్రతిని స్పీడ్ పోస్టులో కూడా పంపండి. ఆ తర్వాత ఫోను మాటలకు ప్రాధాన్యం ఇవ్వవద్దు. వారు ఫోను చేసి ఏదైనా చెబితే, “మీరు ఇప్పుడు ఫోనులో చెప్పింది ఇది” అని వెంటనే ఒక సందేశం పంపితే అదే రాతపూర్వక నమోదు అవుతుంది.

నాకు తమిళం రాదు, ఇంగ్లీషు అంతంత మాత్రమే. తెలుగులో ఫిర్యాదు చేసే దారి ఉందా?

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. అది తెలుగుతో కలిపి 17 భాషల్లో పనిచేస్తుంది, చెన్నై నుంచి చేసినా తెలుగు ఎంచుకోవచ్చు. ఫిర్యాదు నంబరు ఇచ్చి, సంగతిని కంపెనీకి పంపి జవాబు రప్పిస్తారు. ఇది కోర్టు కాదు, కంపెనీని ఆదేశించే అధికారం దీనికి లేదు. అయినా పెద్ద బ్రాండ్లు ఇక్కడి నుంచి వచ్చే ఫిర్యాదును సాధారణంగా తేలికగా తీసుకోవు. కౌంటరులో తేలని విషయం ఇక్కడ తేలడం తరచు చూస్తుంటాము. చిన్న షాపుల విషయంలో మాత్రం దీని మీద పెద్దగా ఆశలు పెట్టుకోవద్దు. చెన్నైలో 1985 నుంచి పనిచేస్తున్న సి.ఎ.జి. (సిటిజన్ కన్స్యూమర్ అండ్ సివిక్ యాక్షన్ గ్రూప్) వంటి వినియోగదారుల సంఘాలు కూడా ఫిర్యాదుల విషయంలో సలహా ఇస్తాయి.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళాలంటే ఎంత ఖర్చు, ఎంత కాలం, లాయరు ఉండాలా?

వినియోగదారుల కమిషన్ అంటే వాడుకలో వినియోగదారుల కోర్టు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయలు దాటనంత వరకు ఫీజు లేదు, కాబట్టి షూస్ కేసుకు ఫీజు ఉండే ప్రసక్తే లేదు. లాయరు తప్పనిసరి కాదు, మీ కేసు మీరే వినిపించుకోవచ్చు. వివాదానికి కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ళలోగా ఫిర్యాదు వేయాలి. చెన్నైలో ఉత్తర, దక్షిణ జిల్లా కమిషన్లు వేర్వేరుగా ఉన్నాయి. మీ ఇల్లు ఏ పరిధిలోకి వస్తుందో చూసుకుని వేయాలి. 2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు.

ప్రయోగశాల పరీక్ష అవసరం లేని కేసును ఎదుటిపక్షానికి నోటీసు అందిన మూడు నెలల్లో, అవసరమైన కేసును ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. ఆచరణలో అంతకంటే ఎక్కువ కాలం పట్టవచ్చునని ముందే మనసులో పెట్టుకుంటే నిరాశ ఉండదు. లోపం కంటికి కనబడేదై ఉంటే ఫొటోలు, అఫిడవిట్, జత సరిపోతాయి. పరీక్ష లేకుండా తేలదనుకుంటే కమిషన్ నమూనాకు ముద్ర వేసి గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపుతుంది, 45 రోజుల్లో నివేదిక కోరుతుంది. ఆ రుసుమును ముందుగా ఫిర్యాదుదారు చేత కట్టించవచ్చు. తోలు, పాదరక్షల విషయంలో చెన్నైకి ఉన్నంత నైపుణ్యం దేశంలో చాలా నగరాలకు లేదు. అడయారులో 1948లో ఏర్పడిన కేంద్ర తోలు పరిశోధన సంస్థ, గిండీలో 1957లో మొదలైన కేంద్ర పాదరక్షల శిక్షణ సంస్థ రెండూ ఇక్కడే ఉన్నాయి. అయితే సొంతంగా డబ్బు పెట్టి ముందే పరీక్ష చేయించుకోవడం రెండు మూడు వేల జతకు గిట్టుబాటు కాదు.

లోపం రుజువైతే కమిషన్ కొత్త జత ఇమ్మనవచ్చు, వడ్డీతో సొమ్ము వాపసు ఇమ్మనవచ్చు, నష్టపరిహారం, ఖర్చులు కూడా ఇప్పించవచ్చు. ఆ ఉత్తర్వు మీద 45 రోజుల్లోగా రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకునే హక్కు ఇద్దరికీ ఉంది. ఉత్తర్వును పాటించకపోతే జైలు శిక్ష, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా దాకా వెళ్ళవచ్చు.

రెండు వేల రూపాయల షూస్ కోసం ఇంత తిరగడం అవసరమా?

అందరికీ అవసరం కాదు. ఉత్తరం, 1915 ఈ రెండూ ఇంట్లో కూర్చుని చేయగలిగినవి కాబట్టి ఆ రెండు మెట్లూ ఎవరైనా ఎక్కవలసిందేనని నా అభిప్రాయం. కమిషన్ దాకా వెళ్ళాలా వద్దా అన్నది మాత్రం మీ తీరిక, ఓపిక చూసుకుని నిర్ణయించుకోవలసిన సంగతి. లక్షల్లో పరిహారం కోరితే కేసు బలపడుతుందన్న భ్రమ ఉంటే వదులుకోండి. జత ధర, వడ్డీ, తిరిగిన ఖర్చు, నమ్మదగినంత పరిహారం అడిగినవారి మాటకే విలువ ఉంటుంది. చిన్న మొత్తాన్ని కమిషన్లు చులకనగా చూస్తాయని కూడా అనుకోవద్దు. 2019లో చండీగఢ్‌లో ఒక పాదరక్షల షాపు కాగితపు సంచికి 3 రూపాయలు తీసుకున్నందుకు ఆ కంపెనీ మీద మొత్తం 9,000 రూపాయలు పడింది.

షూస్ నెల్లూరులో కొన్నాను, ఉంటున్నది చెన్నైలో. ఫిర్యాదు ఎక్కడ వేయాలి?

ఫిర్యాదుదారు నివసించే చోటో, ఉద్యోగం చేసే చోటో కూడా వేయవచ్చునని 2019 చట్టం కొత్తగా వీలు కల్పించింది. కాబట్టి చెన్నైలోనే వేయవచ్చు. పండుగకు ఊరెళ్ళి కొనుక్కొచ్చేవారికి ఇది చాలా ఊరట.

పాండీ బజార్ పేవ్‌మెంటు మీద కొన్నవాటి సంగతి?

చట్టం వారికీ వర్తిస్తుంది గాని బిల్లు, చిరునామా లేని చోట దానిని నడిపించడం అసాధ్యం. మర్నాడే వెళ్ళి మర్యాదగా “అన్నా, కొంచెం చూడు” అని అడిగితే మార్చి ఇచ్చేవారు అక్కడ లేకపోలేదు. పెరియమేట్‌లోని తోలు షూస్ దుకాణాల్లో మాత్రం బిల్లు అడిగి తీసుకోండి. అక్కడివారికి సరుకు గురించి బాగా తెలుసు, జిగురు తప్పా కాలి తప్పా అన్నది చూడగానే చెప్పగలరు కూడా.

మార్చి ఇచ్చిన జతలోనూ అదే లోపం వచ్చింది.

అయితే మూడో జతకు ఒప్పుకోవద్దు. అదే తయారీ విడతకు చెందిన సరుకు అయితే మూడోది కూడా అలాగే ఉండవచ్చు. రెండు పెట్టెల మీది తయారీ నెలలు ఒకటేనేమో చూసి, ఆ ఫొటోలు జతచేసి సొమ్ము వాపసు మాత్రమే కోరండి.

రాజీకి వచ్చారు. డబ్బు ఇచ్చేముందు ఒక కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. పెట్టవచ్చా?

చదివి పెట్టవచ్చు. “ఫలానా బిల్లుకు సంబంధించిన ఫిర్యాదు పరిష్కారమైంది, ఇంత మొత్తం అందింది” అని ఉంటే ఇబ్బంది లేదు. “సరుకులో లోపం లేదని ఒప్పుకుంటున్నాను” అనో, “ఈ విషయం ఎవరికీ చెప్పను” అనో ఉంటే ఆ వాక్యాలు కొట్టివేయించి, కొట్టివేసిన చోట ఇద్దరూ పొడి సంతకాలు చేయాలి. డబ్బు ఖాతాలో పడిన తర్వాతే పాత జతను అప్పగించి, అప్పగించినట్లు వారి చేత రాయించుకోండి. 1915లోనో కమిషన్‌లోనో ఫిర్యాదు నడుస్తుంటే దానిని మూసివేయమని చెప్పడం కూడా డబ్బు అందాకే చేయాలి. చెక్కు ఇస్తే అది చెల్లుబాటయ్యే దాకా ఆగాలి.